హోసూరు నుంచి చంద్రమండలానికి – వయా కృష్ణగిరి

పెళ్లిళ్లలో పక్క కుర్చీ ఆయన "మీదే ఊరండీ?" అని అడుగుతారు. "హోసూరు" అంటాను. "ఓహో, కర్ణాటకా?" "కాదండీ, తమిళనాడు." ఆయన ఒక్క క్షణం నన్ను తేరిపార చూసి, "అయినా తెలుగు బాగానే మాట్లాడుతున్నారే!" అని మెచ్చుకుంటారు. చిన్నప్పటినుంచి ఈ మెచ్చుకోలు వింటూనే ఉన్నాను. అమ్మ ఒళ్లో నేర్చుకున్న భాషకు ఎవరైనా పాసు మార్కులు వేస్తే కాదనటం దేనికని, వినయంగా తలవంచి లడ్డూ తింటాను.

తెలియనివారి కోసం చెబుతున్నాను. హోసూరు బెంగళూరుకు 40 కిలోమీటర్లు. అంగడి బోర్డు తమిళంలో ఉంటుంది. పక్కనుంచి పోయే బస్సు బోర్డు కన్నడంలో ఉంటుంది. ఆ బస్సులో సీటు కోసం పోట్లాట తెలుగులో జరుగుతుంది. అక్కడినుంచి మరో 50 కిలోమీటర్లు పోతే కృష్ణగిరి. 2004లో ధర్మపురినుంచి విడదీసి కొత్త జిల్లా చేసినప్పుడు పేరూ, కలెక్టరు కచేరీ కృష్ణగిరికి దక్కాయి. ఫ్యాక్టరీలు హోసూరు దగ్గరే ఉండిపోయాయి. ఈ నేలకు పాతపేరు మొరసునాడు. అటు కోలారు, ఇటు కుప్పం, మధ్యలో మేము. రాష్ట్రాల గీతలు గీసినప్పుడు ఎవరి ముక్క వారికి పోయింది గానీ, మాట మాత్రం మూడు ముక్కల్లోనూ మిగిలింది.

మా ప్రాంతానికి ఇంకొక విశేషం ఉంది. పేపర్లో సైన్సు పేజీ తిరగేస్తే కనిపించే వస్తువులు చాలావరకు మా చుట్టుపక్కలే తయారవుతుంటాయి. గడియారాలు, మోపెడ్లు, లారీలు, కరెంటు స్కూటర్లు, విమానం ముక్కలు, ఫోను ముక్కలు. నేను చదివింది బి.కాం. సైన్సుకూ నాకూ ఉన్న చుట్టరికం పదో తరగతితో తెగిపోయింది. అయితే అభిప్రాయాలకు డిగ్రీ అక్కర్లేదు గనుక, వాటిని మాత్రం చక్రవడ్డీతో సహా పెంచుకుంటూ వచ్చాను. అంతరిక్షం దగ్గరనుంచి మిక్సీ దాకా నాకు అభిప్రాయం లేని యంత్రం లేదు. మా ఆవిడకు నా అభిప్రాయాల మీద ఒకే ఒక అభిప్రాయం ఉంది. అది ఇక్కడ రాయదగింది కాదు.

ఈమధ్య జూన్ నెలలో ఒక ఆదివారం మా మనవడు బెంగళూరునుంచి వచ్చాడు. ఏడేళ్లవాడు. వాడితోపాటు వాడి పలక వచ్చింది. బలపంతో రాసే పలక కాదు, వేలితో రుద్దే పలక. అందులో గ్రహాలు తిరుగుతుంటాయి, రాకెట్లు ఎగురుతుంటాయి, వాడు వాటితో ఇంగ్లీషులో మాట్లాడుతుంటాడు. మామిడికాయల కాలం కదా, కృష్ణగిరి పోయి ఒక బుట్ట కొనుక్కుని, డ్యాము చూసి వద్దామనుకున్నాం. శూలగిరి పక్క పల్లెలో మా అమ్మ ఉంటుంది. 82 ఏళ్లు. దారిలో ఆమెనూ ఎక్కించుకోవాలని ఏర్పాటు.

బయలుదేరే ముందు కొండమీది గుడికి పోయాం. మా హోసూరు దేవుడి పేరు చంద్రచూడేశ్వరుడు, అంటే తలమీద చంద్రుణ్ణి పెట్టుకున్నవాడు. మనవడు అదంతా విని, "అయితే ఇస్రో వాళ్లు ఇక్కడ దిగితే సరిపోయేది కదా తాతా?" అని ఇంగ్లీషులో అన్నాడు. న్యాయమైన ప్రశ్న. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్–3 చంద్రుడి దక్షిణ ధ్రువం వైపున దిగింది. మూడు రోజులకల్లా దిగినచోటుకు శివశక్తి అని పేరు పెట్టారు. శివుడు నెత్తిన పెట్టుకున్న ఆస్తి శివుడి పేరుకే ఇంత చప్పున రిజిస్టరు కావటం, పట్టా కాయితాలు చూసీ చూసీ కళ్లు కాయలు కాచిన నాలాంటి లోను ఆఫీసరుకు ఆనందం కలిగించిన విషయం.

ఆ ప్రయాణానికి అయిన ఖర్చు సుమారు 615 కోట్లు. మరుసటి ఏడాది వచ్చిన 'కల్కి 2898 ఏ.డి.' సినిమాకు 600 కోట్లు అయిందని పత్రికలు రాశాయి. ఒకటి చంద్రుడి దాకా పోయింది, ఇంకొకటి క్రీస్తుశకం 2898 దాకా పోయింది. టిక్కెట్టు ధర దాదాపు ఒకటే. ఈ ఇద్దరూ నా దగ్గరికి అప్పుకొస్తే నేను సినిమావాళ్లకే ఇచ్చేవాణ్ణి. కారణం సైన్సు మీద చిన్నచూపు కాదు. తాకట్టు పెట్టిన ఆస్తిని బ్యాంకువాళ్లు ఏటా తనిఖీ చేసి రావాలి. చంద్రుడి మీదికి టి.ఏ. బిల్లు ఎవరు పాసు చేస్తారు?

ఇంకొక లెక్క కూడా వేశాను. చంద్రుడు మనకు సుమారు 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. చుట్లు తిరిగిన దూరం వదిలేసి సూటిగా చూస్తే కిలోమీటరుకు 16,000 రూపాయలు పడింది. 2013 నవంబరులో బయలుదేరి 2014 సెప్టెంబరులో అంగారకుణ్ణి చేరిన మంగళయాన్‌కు అయింది 450 కోట్లు. అది తిరిగి తిరిగి పోయింది 65 కోట్ల కిలోమీటర్ల పైమాటే. అంటే కిలోమీటరుకు ఏడు రూపాయలు! దూరం పెరిగేకొద్దీ రేటు తగ్గించటమనే ఈ పద్ధతిని మా హోసూరు బస్టాండు ఆటో సోదరులు పరిశీలించాలని మనవి.

చంద్రయాన్‌లో మా దక్షాదివాళ్ల మట్టి కూడా ఉంది. ల్యాండరు దిగటం, దాని చిన్న బండి నడవటం ముందుగా భూమి మీద పరీక్ష చేసుకోవాలి. దానికి చంద్రుడి మట్టిలాంటి మట్టి కావాలి. కృష్ణగిరినుంచి సేలం దాటి పోతే నామక్కల్ జిల్లా వస్తుంది. కోడిగుడ్లకూ లారీలకూ పేరుపడ్డ చోటు. అక్కడి సిత్తంపూండి, కున్నమలై ఊళ్లలో అనార్థొసైట్ అనే రాయి దొరుకుతుంది. చంద్రుడిలో తెల్లగా కనిపించే మెట్టప్రాంతాల్లో ఉన్నదీ ఆ జాతి రాయే. దాన్ని పొడి కొట్టించి బెంగళూరుకు తీసుకుపోయి ఉత్తుత్తి చంద్రుణ్ణి తయారుచేసుకున్నారు. మా మనవడికి ఈ సంగతి చెబితే నమ్మలేదు. వాడి పలకను అడిగాడు. అది అవునన్నాక నమ్మాడు. తాతగా నా స్థాయి ఏమిటో అప్పుడే కొంచెం తెలిసొచ్చింది.

గుడి దిగి సిప్‌కాట్ పక్కగా పోతుంటే టైటన్ గడియారాల ఫ్యాక్టరీ వచ్చింది. 1984లో పెట్టిన కంపెనీ. టాటా ఇండస్ట్రీస్, తమిళనాడు అనే రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు అది. ఆకాశంలో కూడా ఒక టైటన్ ఉంది. శనిగ్రహం చుట్టూ తిరిగే చంద్రుల్లో అన్నిటికంటె పెద్దది. దాన్ని 1655లో కనిపెట్టినవాడు హాలెండు దేశస్థుడు క్రిస్టియాన్ హైగెన్స్. ఆ మరుసటి ఏడాది, అంటే 1656లో, లోలకం గడియారాన్ని తయారుచేసిన మహానుభావుడు కూడా ఆయనే! ఆయన పేరు పెట్టిన యంత్రమే 2005 జనవరి 14న ఆ టైటన్ మీద దిగింది. మూడున్నర శతాబ్దాల కిందటే గడియారానికీ టైటన్‌కూ ఒకరే పెద్దమనిషి అని తెలిసినప్పుడు, నాకు ట్రయల్ బ్యాలెన్సు మొదటిసారే కుదిరినంత సంతోషం కలిగింది. మా ఆవిడ మాత్రం, "శనిదేవుడి చంద్రుడి పేరున్న వాచీనా మా నాన్న మీకు పెళ్లిలో పెట్టింది? అందుకే ఇలా ఉంది" అంది.

ఆ ఫ్యాక్టరీ 2002లో ఎడ్జ్ అనే వాచీ తెచ్చింది. మొత్తం వాచీ మందం మూడున్నర మిల్లీమీటర్లు. లోపలి యంత్రం 1.15 మిల్లీమీటర్లు. పాస్‌బుక్కు ఇంతకంటె లావుగా ఉండే రోజుల్లో, అంతటి సన్నని దాన్ని మా పక్క ఊళ్ల పిల్లల చేతులతో కూర్చారంటే, నా దృష్టిలో అది చంద్రయానానికేమీ తక్కువ కాదు. 2016లో '24' అనే సినిమా వచ్చింది. సూర్య చేతి వాచీ తిప్పితే 24 గంటలు వెనక్కి పోవచ్చు. దాన్ని హోసూరులో చూడటంలో ఒక ప్రత్యేకత ఉంది. హాల్లోంచి బయటికి వస్తూ ముందాయన, "మన ఫ్యాక్టరీలో ఇలాంటిది వస్తే స్టాఫ్ డిస్కౌంటు ఇస్తారా?" అని పక్కాయన్ని అడుగుతున్నాడు.

హైవే ఎక్కాం. ఇక్కడ ఒక కాలచక్రం కళ్లముందే తిరుగుతుంది. 1980లో వచ్చిన టి.వి.ఎస్. 50 మోపెడ్ మా ఊరి బిడ్డ. దాని సంతతి ఇప్పటికీ ఎడమపక్కన రెండు పాల క్యాన్లు, ఒక గడ్డిమోపు, ఒక పెద్దాయన, వెనక ఒక మేకపిల్లతో పోతూనే ఉంది. దాన్ని దాటుకుంటూ కరెంటు స్కూటర్లు పోతుంటాయి. అవీ ఇక్కడివే. హోసూరులో ఒక ఫ్యాక్టరీ, శూలగిరి దగ్గర ఇంకొకటి, పోచంపల్లిలో మరొకటి. కరెంటు బండి మీద నాకున్న ఆక్షేపణ ఒక్కటే. చప్పుడు చేయదు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఆడిటరులాగా, వెనక వచ్చి నిలబడేదాకా తెలియదు.

పోచంపల్లి అనగానే మా ఆవిడ ముఖం వెలిగింది. "ఇంత దగ్గర పెట్టుకుని ఇన్నేళ్లుగా చెప్పలేదేం? చీరలు చూసుకుని పోదాం!" చీరల పోచంపల్లి తెలంగాణలో ఉందని, 1951లో వినోబా భావే భూదానోద్యమం మొదలుపెట్టింది అక్కడేనని, కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో 2021నుంచి స్కూటర్లు నేస్తున్నారని విడమరచి చెప్పాను. సరిగ్గా ఒక టోల్‌గేటు దూరం ఆవిడ నాతో మాట్లాడలేదు.

శూలగిరి పక్క పల్లెలో అమ్మ సిద్ధంగా ఉంది. పసుపు సంచిలో సజ్జరొట్టెలు, ఒక సీసాలో మజ్జిగ. కారెక్కి మనవడి పక్కన కూర్చుంది. "బాగుండావా నాయినా?" అంది. వాడు నవ్వాడు. "ఏం తిన్నావు?" అంది. వాడు నావైపు చూశాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను. వాడు ఇంగ్లీషులో జవాబిచ్చాడు. నేను తెలుగులో చెప్పాను. ఇలా రెండు మూడు సార్లు అయ్యాక అమ్మ కిటికీవైపు తిరిగి కూర్చుంది. వాడు పలక తెరిచాడు. అద్దంలోంచి చూశాను. ఇద్దరి మధ్యా జానెడు దూరం.

దారి చూపించే బాధ్యత ఫోనుకు అప్పగించాం. నాకు దారి తెలియక కాదు. కొత్త వంతెనలు, సర్వీసు రోడ్లు వచ్చాక నా జ్ఞాపకాన్ని ఇంట్లో ఎవరూ నమ్మటం లేదు. అందులోని ఆడగొంతు శూలగిరిని ఏదో ఇటలీ ఊరి పేరులాగా పలికింది. అమ్మ అడిగింది, "ఎవురప్పా ఆ పిల్ల?" ఫోనని చెప్పాను. "మనం చెప్తే ఇనుకుంటాదా?" "వింటుందమ్మా, తెలుగు కూడా వచ్చు దానికి" అన్నాను గర్వంగా. మనవడికి హుషారు వచ్చింది. ఫోను అందుకుని, తెలుగు నొక్కి, అవ్వ నోటి దగ్గర పెట్టాడు. అమ్మ గొంతు సవరించుకుని, పోస్టాఫీసు గుమాస్తాతో మాట్లాడినంత మర్యాదగా, "కిష్ణగిరి డ్యాముకు దోవ యాడుండాదమ్మా?" అని అడిగింది.

ఫోను కొంచెం ఆలోచించి తెరమీద ఇలా రాసింది: "కృష్ణగిరి జాముకు దోమ ఏడుస్తుంది."

అందరం పడిపడి నవ్వాం. నేను కారు పక్కకు ఆపి మరీ నవ్వాను. కృష్ణగిరిలో మామిడిపండ్ల గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి గనుక దోమలు జాముకోసం ఏడవటం సాంకేతికంగా సాధ్యమే అన్నాను. అమ్మ కూడా నవ్వి, "గమ్మునుండప్పా" అంది. ఫోను దాన్నీ వదల్లేదు. జిగురు అమ్మే దుకాణాల పట్టీ చూపించింది.

నవ్వులు తగ్గాక మనవడు నా భుజం తట్టి అడిగాడు, "తాతా, వాట్ డిడ్ షి యాక్చువల్లీ సే?"

ఆ ప్రశ్నతో నా నవ్వు ఆగిపోయింది. వాడు నవ్వింది మేమందరం నవ్వామని. అవ్వ అడిగిందేమిటో ఫోనుకు ఎంత తెలియలేదో వాడికీ అంతే తెలియలేదు. అమ్మకు ఇంగ్లీషు రాదు గానీ ముఖాలు చదవటం వచ్చు. "దానికీ తెలీలేదు, వానికీ తెలీలేదు. ఏల ఊరికే మాట్లాడేది?" అంది. కోపంగా కాదు, కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా.

ఫోనును తప్పుపట్టలేను. పుస్తకాల తెలుగో, పత్రికల తెలుగో, టీవీ తెలుగో విని నేర్చుకుని ఉంటుంది. మా అమ్మ మాట దాని చెవిన పడి ఉండదు. తమాషా ఏమిటంటే ఫోన్లకు కావలసిన ముక్కలు తయారుచేసే ఫ్యాక్టరీ మా హోసూరు పక్కనే ఉంది. తెల్లవారుజామున కంపెనీ బస్సులెక్కే ఆడపిల్లల్లో "దోవ", "యాడ" అనేవాళ్లూ ఉన్నారు. ఒళ్లు మా ఊళ్లో తయారైనా నోరు ఇంకెక్కడో తయారవుతుంది.

కానీ మనవడి సంగతి? దానికి కర్త నేనే. మా అమ్మాయిని బళ్లో వేసినప్పుడు అక్కడివాళ్లు, "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, పిల్ల త్వరగా అందుకుంటుంది" అన్నారు. పై ఆఫీసు సర్క్యులరులాగా దాన్ని తు.చ. తప్పకుండా పాటించాను. అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటానికి తడుముకుంటుంది. దాని కొడుకుకి అర్థం కూడా కాదు. ఖాతాలో ప్రతి ఏడాదీ కొంచెం కొంచెం తీస్తూ పోతే ఏమవుతుందో బ్యాంకువాణ్ణి నాకు తెలియదా? అసలు తరిగిపోతుంటే చూస్తూ కూర్చున్నాను.

నేను చిన్నబోయానని గ్రహించి అమ్మే మాట మార్చింది. వాడి పలకలో తిరుగుతున్న అంతరిక్ష కేంద్రం బొమ్మను వేలితో చూపించి, "ఇట్లాంటిదే కదప్పా ఆ పొద్దు మన మీద పడతాదనింది?" అంది.

స్కైలాబ్! 1979లో మాట. 1973లో అమెరికావాళ్లు పంపిన, 77 టన్నుల బరువున్న అంతరిక్ష కేంద్రం అదుపు తప్పి పడిపోతుందని, ఎక్కడ పడుతుందో వాళ్లకే తెలియదని వార్త. దేశమంతా గగ్గోలు. మా పల్లెలో లోకం ఎలాగూ పోతుంది కదా అని కోళ్లన్నీ కోసుకు తిన్నవాళ్లున్నారు. అప్పు తీర్చడం మానేసినవాళ్లూ ఉన్నారు. చివరికి జూలై 11న అది హిందూ మహాసముద్రం మీదుగా ఆస్ట్రేలియా పడమటి భాగంలో ముక్కలై పడింది. అక్కడి ఎస్పరెన్స్ అనే ఊరి పాలకసంఘం, మా ఊళ్లో చెత్త వేసినందుకు అంటూ నాసాకు 400 డాలర్లు జరిమానా వేసింది. నాసా కట్టలేదు. ముప్పై ఏళ్ల తరువాత, 2009లో, ఒక అమెరికా రేడియో ఆయన శ్రోతల దగ్గర చందాలు పోగుచేసి కట్టాడు. మా దగ్గర 90 రోజులు వాయిదా కట్టకపోతే మొండిబాకీ కింద రాసేస్తాం. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన సంస్థ, ఆ లెక్కన, ముప్పై ఏళ్లు మొండిబాకీదారు!

ఇదంతా నేను ఇంగ్లీషులో మొదలుపెట్టబోతే మనవడు నా నోరు మూయించాడు. "నువ్వు కాదు. అవ్వ చెప్పాలి." అంతరిక్ష కేంద్రం మీద పడబోతుంటే కళ్లారా చూసిన మనిషి పక్క సీటులో ఉందని వాడికి అప్పుడే తెలిసింది. అమ్మ చేతులు తిప్పుతూ చెప్పటం మొదలుపెట్టింది. "రేయంతా ఎవురూ నిద్రపోలేదు నాయినా. మీ తాతను కొంగున కట్టుకోని వాకిట్లో కూసోనుంటి. ఈడు ఆకలి ఆకలి అని ఏడిస్తే..." వాడికి సగం అర్థం కాలేదు. కానీ ఆపలేదు. "రేయి అంటే?" "కొంగు అంటే?" అని అవ్వనే అడిగాడు. ఆమె పైట కొస పట్టి చూపించింది. నేను అనువాదం చేయకుండా కారు నడపటం మీద దృష్టి పెట్టాను. అది చాలా కష్టమైన పని.

కృష్ణగిరి మండీలో బుట్టలు బుట్టలుగా తోతాపురి కాయలు. ఇక్కడ దాన్ని బెంగళూరా అంటారు. చిలకముక్కులాంటి కొన ఉంటుంది గనుక తమిళంలో కిళిమూక్కు అని కూడా పేరు. ఒకే కాయకు ఇన్ని పేర్లుండటం చూసి మనవడు, "ఫోను దీన్ని ఏమంటుంది?" అన్నాడు. అడిగిచూడలేదు. బ్యాటరీ అయిపోయింది. డ్యాముకు అవ్వే దోవ చెప్పింది. "ఆ చింతమాను కాడ ఎడం పక్కకు తిరుగప్పా." చింతచెట్టు నరికేసి పదేళ్లయిందని నాకు తెలుసు, అయినా సరిగ్గా అక్కడే తిరిగాను.

కృష్ణగిరి డ్యాము 1950లలో కట్టినది. దక్షిణ పినాకిని నది నంది కొండల్లో పుట్టి, హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయం మీదుగా ఇక్కడికి వస్తుంది. వస్తూ వస్తూ బెంగళూరు మురుగును కూడా మోసుకొస్తుంది. కెలవరపల్లి దగ్గర తెల్లగా నురుగు కట్టిందని పేపర్లో ఫొటోలు వస్తుంటాయి. ఇక్కడ మాత్రం గాలి చల్లగా ఉంది. గట్టున కూర్చుని సజ్జరొట్టెలు తిన్నాం. అమ్మ రైలు కథ కూడా చెప్పింది. మా తాత తిరుపత్తూరునుంచి కృష్ణగిరికి చిన్న రైల్లో వచ్చేవాడట. నిజమే. 1905లో కరువు రోజుల్లో తిండిగింజలు చేరేయటానికి వేసిన నారోగేజి లైను అది. ఇలాంటిదే ఇంకొకటి మొరప్పూరునుంచి ధర్మపురి మీదుగా 1913కి హోసూరు చేరింది. కొన్నేళ్లకు రెండూ మూసేశారు. హోసూరుకు తరువాత బెంగళూరు–సేలం లైను వచ్చింది. కృష్ణగిరికి రైలు మళ్లీ రాలేదు. సినిమాల్లో భవిష్యత్తు ఎప్పుడూ ముందుకే వస్తుంది. మా కృష్ణగిరికి అది ఒకసారి వచ్చి, పట్టాలు చుట్టుకుని వెళ్లిపోయింది.

గట్టున కూర్చుని ఉండగా నాకు 'ఆదిత్య 369' గుర్తొచ్చింది. నేను బ్యాంకులో చేరిన ఏడాదే, 1991లో వచ్చింది. సింగీతం శ్రీనివాసరావుగారి సినిమా. కాలయంత్రమెక్కి బాలకృష్ణ కృష్ణదేవరాయల కాలానికి, 1526కు పోతాడు. తరువాత ముందుకు 2504కు పోతాడు. మూడుసార్లు చూశాను. అప్పుడు నాకు తట్టని విషయం ఒకటి ఈ గట్టు మీద తట్టింది. అయిదువందల ఏళ్లు వెనక్కి పోయినా అక్కడివాళ్లు మాట్లాడింది అతనికి అర్థమైంది, అతను మాట్లాడింది వాళ్లకు అర్థమైంది. అందుకే ఆ కథ నడిచింది. మాట తెలియకపోతే యంత్రం దిగి ఏం చేస్తాడు, పలక తెరుచుకుని కూర్చుంటాడు.

విజయనగరం రోజుల్లో మన పెద్దలు ఇటు వచ్చారని మా ఇళ్లలో చెప్పుకుంటారు. రాతప్రతులేవీ మా దగ్గర లేవు. ఉన్నదల్లా ఈ మాటే. దోవ, మాను, రేయి. ఇది మొరటు తెలుగని చిన్నప్పుడు నేను సిగ్గుపడి, కోస్తా సినిమాల తెలుగు బట్టీపట్టాను. పెళ్లిళ్లలో పక్క కుర్చీ ఆయన మెచ్చుకునేది ఆ బట్టీపట్టిన తెలుగునే.

ఆ తరువాతి ఆదివారం మనవడు వీడియోలో ఫోను చేశాడు. నన్ను పలకరించకుండా, అవ్వను చూపించమన్నాడు. అమ్మ ఆ వారం మా ఇంట్లోనే ఉంది. వాడు తెర దగ్గరగా ముఖం పెట్టి, చాలా జాగ్రత్తగా, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, "అవ్వా, యాడుండావు?" అన్నాడు. మా ఆవిడ, "అయ్యో, 'ఎక్కడున్నారు' అనాలి నాన్నా, మంచి తెలుగు నేర్చుకో" అనబోయింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. ముప్పై రెండేళ్ల కాపురంలో ఆవిడ మాటకు అడ్డం వచ్చి నెగ్గటం అదే మొదటిసారి.

అమ్మ, "ఈడే ఉండా నాయినా, యాడికి పోతాను?" అంది. వాడికి అర్థమైంది. వాడు నవ్విన నవ్వు ఈసారి మమ్మల్ని చూసి నవ్వింది కాదు.

యంత్రాలమీద నాకింకా అభిప్రాయాలున్నాయి. ఏదో ఒకరోజు ఫోనుకూ మా అమ్మ మాట వస్తుంది, అనుమానం లేదు. అంగారకుడి దాకా పోయినవాళ్లకు శూలగిరి దాకా రావటం ఎంతసేపు? కానీ అప్పటికి ఆ మాట చెప్పే అవ్వలు ఎందరుంటారో చెప్పలేం. మీ ఇంట్లోనూ ఒక అవ్వో, తాతో, నాయనమ్మో కిటికీవైపు తిరిగి కూర్చుని ఉండవచ్చు. పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టి, స్కైలాబ్ సంగతి అడగమనండి. అనువాదం చేయకండి. మీరు లేచి వెళ్లి కాఫీ పెట్టండి.